పాత కారు, కొత్త వాయువు

1940 నమూనా కార్లలో ప్యాకర్డు సంస్థ తొలిసారి చలువయంత్రం అమర్చింది. (మెకానిక్కు ముందు ఈ మాట అంటే నవ్వుతాడు, ఏసీ అనే అందాం.) ఆ తరువాత దశాబ్దాలపాటు కార్ల ఏసీలలో ప్రవహించినది ఫ్రియాన్-12. అది ఓజోను పొరను హరిస్తున్నదని తేలగా 1987లో మాంట్రియల్ ఒడంబడిక వచ్చింది. 1992లో భారతదేశమూ అందులో చేరింది.

ఫ్రియాన్‌కు మారుగా వచ్చిన వాయువు 134ఏ. దాని తయారీపై పరిశోధన మన తార్నాకలో, ఉస్మానియా ప్రాంగణానికి చేరువలోనే ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో కూడ జరిగిందని ఎందరెరుగుదురు? 1944లో ఆరంభమైన ప్రయోగశాల అది.

ఆ పేటలోనే ఒక మిత్రుని పాత కాంటెస్సాకు ఏసీ బాగుచేస్తుండగా దగ్గరుండి చూశాను. "గ్యాసు మారిస్తే చాలదు సార్, నూనె కూడా మార్చాలి" అన్నాడు మెకానిక్కు. నిజమే. పాత ఖనిజతైలం 134ఏతో కలవదు. గొట్టాలలోనే నిలిచిపోతుంది, కంప్రెసరు నూనె అందక అరిగిపోతుంది. కనుక దానిని కడిగివేసి ఎస్టరు నూనె పోశాడు. రబ్బరు వలయాలూ, తేమను పీల్చే డ్రయ్యరూ మార్చాడు. లోపలి గాలినంతా పంపుతో లాగివేసిన తరువాతే కొత్త వాయువు నింపాడు. రసాయనశాస్త్రం చదివినవాడు కాడు, చేయి తిరిగినవాడు.

134ఏ ఓజోను జోలికి పోదు గాని భూతాపాన్ని పెంచుతుంది. 2016 నాటి కిగాలీ సవరణ దానిని కూడా తగ్గించవలసిన వాయువుల జాబితాలో చేర్చింది. 2021లో భారతదేశం ఆ సవరణను ధ్రువీకరించింది.