స్పాటీ, బ్లాకీ: హైదరాబాదు ప్రయోగశాలలో జింకల కృత్రిమ గర్భధారణ

ఎదకు వచ్చిన ఆవుకో గేదెకో సూది వేయించడం తెలుగు రైతుకు కొత్త కాదు. అడవి జంతువు విషయంలో ఆ పని ఎంత కష్టమో హైదరాబాదు అనుభవం తెలుపుతుంది. సి.సి.ఎం.బి. సంచాలకులు లాల్జీ సింగ్ చొరవతో అత్తాపూరులో వెలసిన ‘లాకోన్స్’ ప్రయోగశాలను 2007 ఫిబ్రవరిలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు. అంతకు ముందే, 2006లో, అక్కడి శాస్త్రవేత్తల కృషి ఫలించి కృత్రిమ గర్భధారణ ద్వారా చుక్కల దుప్పి పిల్ల ‘స్పాటీ’ పుట్టింది. 2007లో కృష్ణజింక పిల్ల ‘బ్లాకీ’ జన్మించింది. తెలుగులో రెండింటినీ జింకలనే అంటాము గాని, దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింకవి రాలవు, అది పశువుల కుటుంబానికి చెందినది.

అసలు చిక్కు ఎద గుర్తించడంలో ఉంది. పట్టుకుంటే బెదిరి ప్రాణమే విడిచే జంతువుకు పదేపదే రక్తపరీక్ష సాధ్యం కాదు. అందుకే పెంటికలు సేకరించి, వాటిలోని హార్మోన్ల అవశేషాలను కొలిచి ఋతుచక్రాన్ని గ్రహించారు. ఆపైన హార్మోన్లతో ఎదను ఒక వేళకు తెచ్చి, మత్తిచ్చిన మగజంతువు నుండి సేకరించిన వీర్యాన్ని శస్త్రచికిత్స లేకుండానే గర్భంలోకి చేర్చారు.

ఇతర దేశాలు మరో దారి తొక్కాయి. 1981లో న్యూయార్కు బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో హోల్‌స్టీన్ ఆవు కడుపున అడవిదున్న దూడ పుట్టింది. 2001లో అమెరికాలోనే క్లోనింగు ద్వారా పుట్టిన అడవిదున్న దూడ ‘నోవా’ రెండు రోజులకే మరణించింది. వీటితో పోలిస్తే హైదరాబాదు పద్ధతి నిరాడంబరమైనది. పిండాన్ని తారుమారు చేయకుండా జంతువు దేహధర్మాన్ని అనుసరించింది. అయితే చుక్కల దుప్పికి మన అడవుల్లో కొరత లేదన్న ఆక్షేపణ న్యాయమైనదే. అరుదైన జాతిపై ప్రయోగించే ముందు విరివిగా ఉన్నదానిపై చేయి తిరగాలన్నది దానికి సమాధానం.

ఆశ్చర్యమేమంటే, తరువాత ఎక్కువ ఫలమిచ్చినది సూది కాదు. 2010లో నెహ్రూ జంతుప్రదర్శనశాలలో కుందేలంత ఉండే మూషిక జింకల సంతతిని పెంచే పని మొదలైంది. అక్కడ జతకట్టడం సహజంగానే జరిగింది. కొద్ది జంతువులతో ఆరంభమైన ఆ మంద వందలకు పెరిగింది. వాటిలో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యంలో విడిచిపెట్టారు.