చెమటకు నిలిచే రంగు

కృష్ణా గోదావరి డెల్టాలో అద్దకం పని ఎందుకు చితికిపోయిందంటే అందరూ చెప్పే కారణం ఒకటే: సీమ రసాయన రంగులు వచ్చాయి, ఆకుల, వేళ్ల రంగులు పోయాయి. అందులో సగమే నిజం. ఇక్కడి రంగుకు విలువ తెచ్చింది అది దేని నుంచి పుట్టిందన్నది కాదు, గుడ్డను ఎంత గట్టిగా పట్టుకుందన్నది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కిన చిరివేరు ఎరుపులో డచ్చి, ఇంగ్లీషు వర్తకులు మెచ్చుకున్నది ఉతికినా వదలని గుణాన్నే. నూలు గుడ్డ మీద అంత నిలకడ అప్పటి యూరప్ అద్దకందార్లకు చేతకాలేదు. ఆ నిలకడ వేరు ఒక్కదానితో రాదు. కరక్కాయ రసంలో, గేదెపాలలో గుడ్డను నానబెట్టాలి, పటిక పట్టించాలి, పారే నీళ్లలో జాడించాలి, ఆ తర్వాతే వేరుతో ఉడకబెట్టాలి. రోజుల తరబడి ఇంటిల్లిపాదీ చేతులు కలిపితే తప్ప సాగని పని అది.

ఒంటి చెమటకు ఓర్చుకునే గుడ్డ కావాలంటే కృష్ణ దాటి చీరాల వైపు చూడాలి. చేపల వేటకు వెళ్లేవాళ్లు, పశువులు కాసేవాళ్లు తలకు చుట్టి, నడుముకు కట్టిన తేలియా రుమాలు అక్కడిది. ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నూలును మళ్లీ మళ్లీ నానబెట్టి ఎండబెట్టేవారు. నూనె వల్ల రంగు లోపలిదాకా దిగేది. ఆటల దుస్తులనే మాట పుట్టకముందే ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల కోసం తయారైన రంగుబట్ట ఇదే అంటాను. వేరు బదులు అలిజరిన్ అనే రసాయన రంగు వచ్చాక కూడా అక్కడివాళ్లు నూనె, బూడిద పని మానలేదు.

రసాయన రంగే దోషి అనేవారు ఈ సంగతికి జవాబు చెప్పాలి. చిరివేరులో ఎరుపునిచ్చే పదార్థమే అలిజరిన్. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ ప్రయోగశాలలో తయారుచేసింది దాన్నే. అంటే ఆ ఎరుపు మారలేదు. 1856లో పెర్కిన్ కనిపెట్టిన ఊదాతో మొదలైన అనిలిన్ రంగుల కథ వేరు. అవి కళ్లు మిరుమిట్లు గొలిపేవి, పటిక లేకుండానే ఉన్నికి పట్టేవి, కానీ తొలినాటి వాటిలో చాలా రంగులు ఎండకు వెలిసిపోయేవి. 1851 లండన్ ప్రదర్శన దాకా వెళ్లిన తివాచీల ఊరు ఏలూరు. ఆ పని ఉన్నితోనే కాబట్టి అలాంటి ఊరికి ఈ తొందర రంగుల ఆశ మరీ దగ్గరిది. చేసేవాళ్లే సులువు దారి ఎంచుకున్నారు కదా అనవచ్చు. ఆ ఎంపికను వాళ్ల చేతుల్లో ఉంచలేదు. పొరుగున ఉన్న మచిలీపట్నం తివాచీల గురించి 1880లో జార్జ్ బర్డ్‌వుడ్ రాసింది ఇదే: ఇంగ్లీషు దిగుమతిదార్లు చవక సరుకును నేతగాళ్లకు అంటగట్టి ఆ పనిని పాడుచేశారని. రసాయనం కంటే చవక ధర చేసిన చేటే పెద్దది.

అందుకే ఇవాళ ఏలూరులో ఒక కబడ్డీ జట్టు తన బనియన్లకు ఇంట్లోనే రంగులు వేసుకోవాలనుకుంటే, రసాయనమా ప్రకృతా అని కాదు, పట్టు దొరుకుతుందా అని అడగాలి. జెర్సీల పాలిస్టరుకు ఇంటి బకెట్లో రంగు పట్టదు. దానికి వాడే రంగులకు మరిగే నీటిని మించిన వేడి కావాలి. నూలు బనియనైతే 1956లో ఐ.సి.ఐ. ప్రోసియన్ పేరుతో తెచ్చిన రియాక్టివ్ రంగులున్నాయి. చాకలి సోడా కలిపిన చల్లటి నీళ్లలోనే అవి నూలు పోగుతో రసాయనికంగా ముడిపడిపోతాయి. పటికతో, నూనెతో రోజులు పట్టిన నిలకడ పూటలో వస్తుంది. రంగు నీళ్లు తమ్మిలేరులో పడి కొల్లేరు చేరవా అనే అభ్యంతరం న్యాయమైనదే. పోగుకు పట్టని రంగు, ఉప్పు, సోడా జాడించిన నీళ్లతోనే పోతాయి. 2002 నుంచి రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో ఉన్న సరస్సు కొల్లేరు. బనియను బరువుకు సరిపడా రంగు తూచి వేసి, పట్టేదాకా ఆగితే ఆ నీళ్లలోకి పోయేది తగ్గుతుంది. వేరు తవ్వుకొచ్చి రంగు తీసినవాళ్లకు ఆ పొదుపు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.