ఫ్రాన్సిస్కన్ సభలో ప్రవేశం, శిక్షణ

కతోలిక శ్రీసభలో ఫ్రయర్లు ఒక ప్రత్యేక తరహా సన్యాసులు. జీవితాంతం ఒకే మఠానికి కట్టుబడి ఉండరు. సభ ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లి బోధిస్తారు. విధేయత, పేదరికం, బ్రహ్మచర్యం అనే మూడు వ్రతాలు పట్టి సహోదరులుగా కలిసి జీవిస్తారు. ఫ్రాన్సిస్కన్లు, డొమినికన్లు, కార్మెలైట్లు, అగస్టీనియన్లు ఈ కోవకు చెందిన ప్రధాన సభల వారు. ఈ జీవితం కోరి వచ్చిన వ్యక్తికి దైవపిలుపు నిజంగా ఉందో లేదో తేల్చుకోవడానికీ, ఉంటే అతన్ని తీర్చిదిద్దడానికీ ఈ సభలు శతాబ్దాల పాటు శ్రమించి ఒక పద్ధతిని ఏర్పరచుకున్నాయి. ఆ పద్ధతి ఎలా పెరిగిందో ఫ్రాన్సిస్కన్ సభ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆరంభంలో పద్ధతంటూ ఏదీ లేదు. ఇటలీలోని అస్సీసి పట్టణంలో సభ స్థాపకుడు ఫ్రాన్సిస్‌ను అనుసరించిన తొలి సహచరుడు బెర్నార్డ్ అనే సంపన్నుడు. 1208లో వారు పట్టణంలోని సాన్ నికోలో ఆలయానికి వెళ్లి, సువార్త గ్రంథాన్ని మూడుసార్లు తెరిచి, అక్కడ కనిపించిన మాటలనే తమ నియమంగా తీసుకున్నారని పాత జీవిత చరిత్రలు చెబుతాయి. బెర్నార్డ్ తన ఆస్తిని అమ్మి పేదలకు పంచిపెట్టాడు. అదే అతని ప్రవేశ పరీక్ష, అదే అతని శిక్షణ. 1209లో పోపు మూడవ ఇన్నోసెంట్ ఈ చిన్న బృందానికి నోటిమాటగా ఆమోదం ఇచ్చాడు. వచ్చినవారిని ఫ్రాన్సిస్ స్వయంగా చూసేవాడు, వెంట ఉంచుకునేవాడు.

గుంపు పెరిగేసరికి ఆ ఏర్పాటు చాలలేదు. 1221 నాటి ఫ్రాన్సిస్కన్ సభ సమావేశానికి సుమారు మూడు వేల మంది సహోదరులు వచ్చారని అక్కడ ఉన్న జోర్డాన్ అనే సహోదరుడు రాశాడు. అంతకుముందు జర్మనీకి వెళ్లిన తొలి బృందానికి ఆ దేశపు భాష రాదని, అక్కడి జనం వారిని మతభ్రష్టులని అనుమానించి కొట్టి తరిమారని కూడా ఆయనే నమోదు చేశాడు. ఎవరి అదుపులోనూ లేకుండా సభ దుస్తులతో తిరిగేవారూ ఉండేవారు. ఉత్సాహం ఒక్కటే సరిపోదని దీంతో తేలిపోయింది. ఆ సమావేశానికి ముందే, 1220 సెప్టెంబరు 22న పోపు మూడవ హొనోరియస్ ఒక శాసనం జారీ చేశాడు. ఒక ఏడాది పరీక్షా కాలం గడపనిదే ఎవరినీ సభ్యులుగా చేర్చుకోకూడదు, వ్రతం పట్టాక సభను విడిచి వెళ్లకూడదు అన్నది దాని సారాంశం. ఆ ఏడాదికే నోవిషియేట్ అని పేరు. పాత సన్యాస సభల్లో ఇది ముందునుంచే ఉంది.

1223లో పోపు ఆమోదించిన నియమావళి రెండో అధ్యాయం ప్రవేశ విధానాన్ని వివరిస్తుంది. చేరదలచినవారిని ప్రాంతీయ అధిపతి దగ్గరికి పంపాలి. ఆయన వారి విశ్వాసాన్నీ, దివ్యసంస్కారాల గురించి వారికున్న అవగాహననూ పరీక్షించాలి. పెళ్లయినవాడైతే భార్య అప్పటికే కన్యకల మఠంలో చేరి ఉండాలి, లేదా సమ్మతించి ఉండాలి. ఆస్తి అమ్మి పేదలకు పంచాలి, వీలు కానివారికి మంచి మనసు ఉంటే చాలు. ఆ ఆస్తి విషయంలో సహోదరులు ఏ మాత్రం తలదూర్చకూడదు. అర్హులని తేలినవారికి పరీక్షా కాలపు దుస్తులు ఇస్తారు: తలముసుగు లేని రెండు అంగీలు, నడుముకు తాడు, లోదుస్తులు, నడుము దాకా వచ్చే పైవస్త్రం. ఏడాది తిరిగాక వ్రతం స్వీకరించినవారికి తలముసుగున్న అంగీ దక్కుతుంది. అభ్యర్థి ఎవరో, పూర్తి సభ్యుడెవరో చూడగానే తెలిసేది.

సభలో చేరాలన్న నిర్ణయం చాలా ఇళ్లలో తుఫాను రేపింది. పార్మా నగరవాసి సలింబెనె 1238లో పదహారేళ్ల వయసులో సభలో చేరాడు. తండ్రి చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ దాకా వెళ్లి, కొడుకును వదిలిపెట్టమని సభాధిపతి ఎలియాస్‌కు ఉత్తరం రాయించాడు. కుర్రవాడు ఇష్టపడితే పంపించండని ఎలియాస్ జవాబిచ్చాడు. ఫానో మఠంలో అందరి ఎదుటా అడిగితే తాను రానని సలింబెనె తేల్చి చెప్పాడు. తండ్రి శపించి వెళ్లిపోయాడు. 1244లో డొమినికన్ సభలో చేరిన థామస్ అక్వినాస్‌ను సొంత అన్నలే దారిలో పట్టుకుని, దాదాపు ఏడాది పాటు కుటుంబ కోటలో నిర్బంధించారు. పిలుపును ఎవరు నిర్ణయించాలి, కుటుంబమా, సభా, వ్యక్తా అన్న ప్రశ్న ఈ రెండు ఘటనల్లోనూ ఉంది. ఇద్దరి విషయంలోనూ చివరికి వ్యక్తి మాటే నిలిచింది.

నోవిషియేట్‌లో ఉన్నవారిని నోవిస్‌లంటారు. వారిని తీర్చిదిద్దే బాధ్యత నోవిస్ గురువుది. జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌లో ఆ పని చేసిన ఆగ్స్‌బర్గ్ డేవిడ్, 13వ శతాబ్దం నడిమి కాలంలో నోవిస్‌ల కోసం లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. ప్రార్థనలో, భోజనశాలలో, ప్రయాణంలో ఎలా మెలగాలన్న దానితో మొదలుపెట్టి లోపలి మనిషిని దిద్దుకోవడం దాకా అది తీసుకెళుతుంది. నడకను దిద్దితే మనసు దారికొస్తుందని ఆయన నమ్మకం. ఆ గ్రంథం వందల చేతిరాత ప్రతుల్లో ఐరోపా అంతటా వ్యాపించింది. 1257లో సభాధిపతి అయిన బొనవెంతూర కూడా నోవిస్‌ల కోసం ఒక చిన్న నియమం రాశాడు.

చదువు తర్వాత వచ్చి చేరింది. సహోదరులకు వేదాంతశాస్త్రం బోధించడానికి పాదువా అంతోనీ అనే సహోదరుడికి ఫ్రాన్సిస్ అనుమతిస్తూ, చదువు ప్రార్థనా స్ఫూర్తిని ఆర్పకూడదని షరతు పెట్టాడు. త్వరలోనే పారిస్, ఆక్స్‌ఫర్డ్‌లలో సభకు విద్యాకేంద్రాలు వెలిశాయి. 1260లో నార్బోన్‌లో సభ చేసుకున్న చట్టాల ప్రకారం, గురువర్గంలో, అంటే యాజక వర్గంలో, చేరదలచిన వారికి వ్యాకరణమో తర్కమో తెలిసి ఉండాలి. బోధనలో సభ స్థాయి పెరిగింది. చదువురాని రైతుకూ పండితుడికీ సమానంగా తెరుచుకున్న తొలినాటి తలుపు మాత్రం ఇరుకైంది. అది నిజంగా నష్టమే.

1563లో కతోలిక శ్రీసభ ట్రెంట్ మహాసభ అన్ని సభలకూ ఒకే హద్దులు గీసింది. 16 ఏళ్లు నిండనిదే, ఏడాది నోవిషియేట్ పూర్తి కానిదే వ్రతం చెల్లదు. మరో నిబంధన ఇంకా లోతైనది. వ్రతానికి ముందు నోవిస్ ఆస్తి నుంచి తిండికీ బట్టకూ అయ్యే ఖర్చు తప్ప మఠం ఏమీ పుచ్చుకోకూడదు. సొమ్మంతా మఠం చేతిలో ఉంటే వెళ్లిపోవాలనుకున్నవాడు వెళ్లలేడన్నదే దీనికి కారణం. వెళ్లిపోయేవాడికి అతనిదంతా తిరిగి ఇచ్చేయాలి. సభను కాపాడటానికి పుట్టిన పరీక్షా కాలం, ఇక్కడ అభ్యర్థి స్వేచ్ఛను కూడా కాపాడే కాలమైంది.

అయినా ఒక్క ఏడాది తర్వాతే జీవితకాలపు వ్రతం పట్టే ఆచారం ఆరు శతాబ్దాలకు పైగా సాగింది. 1857లో పోపు తొమ్మిదవ పయస్ దాన్ని మార్చాడు. నోవిషియేట్ ముగిశాక ముందు సాధారణ వ్రతాలు పట్టి, కనీసం మూడేళ్లు గడిచాకే మహావ్రతం పట్టాలని ఆదేశించాడు. రెండో వాటికన్ మహాసభ 1965లో సన్యాస జీవితాన్ని మూలస్ఫూర్తి వెలుగులో సరిదిద్దుకోమని కోరింది. దాంతో శిక్షణ పద్ధతులు మళ్లీ పరిశీలనకు వచ్చాయి.

నేడు అమల్లో ఉన్నది 1983 నాటి శ్రీసభ చట్టం. నోవిషియేట్‌కు 17 ఏళ్లు నిండాలి. బలవంతం, భయం, మోసం వల్ల చేరితే ఆ ప్రవేశం చెల్లదు. నోవిషియేట్ 12 నెలలు ఉండాలి, అందులో మూడు నెలలకు మించి బయట గడిపితే అది చెల్లకుండా పోతుంది. తాత్కాలిక వ్రతాల కాలం సాధారణంగా మూడు నుంచి ఆరేళ్లు, అవసరమైతే మొత్తం తొమ్మిదేళ్ల దాకా పొడిగించవచ్చు. శాశ్వత వ్రతానికి 21 ఏళ్లు నిండాలి. నోవిషియేట్‌కు ముందు అభ్యర్థి సహోదరులతో కలిసి జీవిస్తూ తనను తాను పరిశీలించుకునే కాలం ఒకటి ఉంటుంది. గురువు (యాజకుడు) కావడానికి చదివే తత్వశాస్త్రం, వేదాంతశాస్త్రం వేరే దారి. గురుపట్టం తీసుకోకుండా సహోదరుడిగానే జీవించేవాడూ పూర్తి ఫ్రయరే.

నోవిషియేట్ కాలంలో అభ్యర్థి ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు, సభ కూడా అతన్ని పంపించేయవచ్చు. తాత్కాలిక వ్రతాల గడువు ముగిసినప్పుడు ఇద్దరికీ మరోసారి ఆలోచించుకునే వీలుంటుంది. సభ విడిచినవాడు చేసిన పనికి జీతం అడగలేడు కానీ, అతని పట్ల న్యాయంగా, ప్రేమగా వ్యవహరించాలని చట్టం సభను ఆదేశిస్తుంది. జీవితాన్నంతా ఇచ్చే మాట పూర్తి స్వేచ్ఛతో ఇస్తేనే అది నిజమైన మాట అవుతుంది. 1220 శాసనం నుంచి 1983 చట్టం దాకా శిక్షణ కాలం పొడవవుతూ వచ్చింది ఆ స్వేచ్ఛను నిలబెట్టడానికే.