కలియుగ భీముడు: బీచ్ రోడ్డులో నిలబడ్డ ఆయన ఎవరు?

భీముడి పేరు మీదే మా ఊరు భీమునిపట్నం అయిందని పెద్దలు చెప్తుంటారు. ఇవాళ మాత్రం మన కలియుగ భీముడి గురించి మాట్లాడుకుందాం.

ఇక్కణ్ణుంచి బీచ్ రోడ్డు పట్టుకుని విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్తే, కండలు తిరిగిన ఒకాయన విగ్రహం కనిపిస్తుంది. పక్కనే నిలబడి సెల్ఫీలు దిగుతాం. ఆయనెవరని అడిగితే చాలామంది తడుముకుంటారు.

ఆయనే కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టారు. మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పారు. తర్వాత సొంతంగా సర్కస్ పెట్టారు. ఛాతీ మీద ఏనుగును మోశారు. గొలుసులతో కట్టిన రెండు కార్లను కదలనివ్వకుండా ఆపేశారు.

అవి తెల్లవాళ్లు ఏలుతున్న రోజులు. మనవాళ్లు బలహీనులని వాళ్లు చులకన చేస్తుంటే, ఒక తెలుగువాడు ఆ బలం చూపించడం జనానికి ఎంత ధైర్యమో ఆలోచించండి! అందుకే తిలక్ అంతటాయన 'మల్ల మార్తాండ' అని బిరుదిచ్చారు. 'ఇండియన్ హెర్క్యులిస్' అన్న పేరూ వచ్చింది.

చివరి రోజులు మాత్రం కష్టంగా గడిచాయి. కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో, సొంతూరికి దూరంగా కన్నుమూశారు. తర్వాత శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు, విశాఖలో విగ్రహం నిలబెట్టారు.

ఈసారి సెల్ఫీ దిగేముందు ఆయనెవరో పక్కనున్న పిల్లలకి చెప్పండి. మళ్లీ కలుద్దాం.