ఆరోగ్యశ్రీ: గుంటూరు, ప్రకాశం ప్రాంతం

ఆరోగ్యశ్రీ పేద కుటుంబాల ఆస్పత్రి ఖర్చును ప్రభుత్వం భరించే పథకం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 జులై నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటికీ విస్తరించింది. ప్రభుత్వం మారితే పేరూ మారుతుంది. 2014లోనూ 2024లోనూ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. జనం నోట మాత్రం ఆరోగ్యశ్రీయే.

పత్తి, మిర్చి పండే గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పల్లెల్లో కౌలు, పురుగుమందు, కోతకూలి చాలామటుకు అప్పు మీదే నడుస్తాయి. ధర కోసం కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చి టిక్కీల (బస్తాల) మీద కూడా అప్పు తెస్తారు. అలాంటి ఇంట్లో గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవలసిన మాట. అలాంటిది 2016లో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోనే డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండెమార్పిడి కూడా చేసింది.

రోగి కార్డుతో ఆస్పత్రిలో పథకం సహాయకుడైన ఆరోగ్యమిత్రను కలుస్తాడు, పథకాన్ని నడిపే ట్రస్టు అనుమతిస్తుంది, చికిత్స అయ్యాక ఆస్పత్రి బిల్లు పెడుతుంది. ఖర్చుకు కళ్లెం ముందే నిర్ణయించిన ప్యాకేజీ ధర. అసలు చిక్కూ అక్కడే. ధర తగ్గితే ఆస్పత్రులు ఆ చికిత్సకు ముఖం చాటేస్తాయి. గిట్టుబాటు బాగుంటే అక్కర్లేని కోతలు పెరుగుతాయి. రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దేశ సగటు 3 శాతం చిల్లర. ఈ నేరమంతా పథకం నెత్తిన రుద్దలేం గానీ, గిట్టుబాటు లెక్కను కొట్టిపారేయనూ లేం.

పథకాన్ని మొదట్లో స్టార్ హెల్త్ బీమా కంపెనీకి ప్రీమియం కట్టి నడిపారు, 2008లో కొత్తగా చేర్చిన చికిత్సలను ట్రస్టే నేరుగా చేపట్టింది. కుటుంబానికి ఏడాదికి భరించే ఖర్చు పరిమితిని 2023లో రూ.25 లక్షలకు పెంచారు. పరిమితి పెంచినంత తేలిగ్గా బిల్లులు చెల్లించలేకపోయారు. బకాయిల కోసం 2025 అక్టోబరులో ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపాయి. అంతకు నెల ముందే, రూ.2.5 లక్షల వరకు బీమా కంపెనీలు, ఆపైన ట్రస్టు భరించే విధానానికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

చికిత్స రోజుల్లో పోయిన కూలి ఆస్పత్రి బిల్లులో కనిపించదు. దాన్ని లెక్కలోకి తెచ్చిన ఆరోగ్య ఆసరా 2019 డిసెంబరు 2న గుంటూరులోనే మొదలైంది: కోలుకునే కాలానికి రోజుకు రూ.225, నెలకు రూ.5,000 మించకుండా. చేనుకు మందు కొట్టి కళ్లు తిరిగిన కూలీ ఊళ్లో డిగ్రీ లేని వైద్యుడు, ఆర్‌ఎంపీ దగ్గర ఎక్కించుకునే సెలైను ఖర్చు మాత్రం ఇప్పటికీ అతని జేబులోదే.