మాలకైట్: పల్నాటి రాగికి ఆనవాలు

మాలకైట్ రాగి ఖనిజం. కోసి నునుపు చేస్తే లేతపచ్చ, ముదురుపచ్చ చారలు వలయాలుగా, కొన్నిచోట్ల నెమలికన్నులా తేలతాయి. గంధకంతో కలిసిన రాగి ముడిఖనిజం నేల పైపొరల్లో గాలికీ నీటికీ విరిగిపోయి, కార్బన్ డయాక్సైడ్ కరిగిన నీటితో చర్య జరిపినప్పుడు ఇది ఏర్పడుతుంది. పొర మీద పొరగా పేరుకోవడం వల్లే ఆ చారలు. బరువులో 57 శాతం దాకా రాగే.

అందుకే గని వెతికేవారికి ఈ పచ్చదనం పెద్ద ఆనవాలు. కోదాడ, మిర్యాలగూడల నుంచి దక్షిణంగా కృష్ణ దాటితే పల్నాడు. అక్కడ వినుకొండ ప్రాంతంలోని అగ్నిగుండాల రాగి, సీసం నిక్షేపాలకు పేరుపడింది. నల్లకొండ, ధూకొండల్లో రాగి, బండలమొట్టులో సీసం ఉన్నాయి. పూర్వులు తవ్విన గుంతలూ ఇక్కడ కనిపించాయి. రాళ్ల మీద పచ్చమరక చూసి, లోపల లోహం ఉందని గ్రహించిన ఆ పనివాళ్ల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. వాళ్లు మన తొలి ఖనిజాన్వేషకులు.

పేరు మిగిలింది బెంజమిన్ హేన్‌కి. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న ఈ వృక్షశాస్త్రజ్ఞుడు అగ్నిగుండాల, నెల్లూరు సీమల రాగి గనుల గురించి రాశాడు. ఆ రచనలు 1814లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. ఆయన మైసూరు నుంచి తీసుకెళ్లిన రాగి ఖనిజాన్ని రసాయనవేత్త థామస్ థామ్సన్ పరీక్షించి, అదే ఏడు కొత్త ఖనిజంగా ప్రకటించాడు. దానికి మైసోరిన్ అని పేరొచ్చింది. అది మలినాలు కలిసిన మాలకైటేనని తర్వాత తేలింది.

రత్నంగా మాలకైట్ వైభవమంతా రష్యాది. 1837 అగ్నిప్రమాదం తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్ వింటర్ ప్యాలెస్‌లో కట్టిన మాలకైట్ గదిలో స్తంభాలు నిండురాయి కావు. ఉరల్ కొండల రాయిని పల్చటి పలకలుగా కోసి, చారలకు చారలు కలిసేలా అతికించారు. అతుకు కనబడనివ్వని ఆ నేర్పు అబ్బురమే.

ప్రాచీన ఈజిప్టులో మాలకైట్‌ని నూరి కంటికి పూసుకునేవారు; చిత్రకారులకు ఇది పచ్చరంగు. నేడు నగలకు వాడే రాయి ఎక్కువగా కాంగో నుంచి వస్తోంది. కాఠిన్యం 3.5 నుంచి 4 మాత్రమే కాబట్టి చాకుతో గీసినా గీత పడుతుంది, నిమ్మరసం తగిలితే మెరుపు పోతుంది. ఉంగరం కన్నా లాకెట్‌కే నప్పుతుంది. కోసేటప్పుడు లేచే దుమ్ము విషపూరితం. సానపట్టేవారు నీళ్లు పోస్తూ, ముక్కుకు మాస్క్ కట్టుకుని పని చేయాలి.