దూరయంత్రమునకు తాళము

స్టూడియో ఒకచోట, ట్రాన్స్‌మిటరు ఊరి వెలుపల ఉండుట రేడియోవారమగు మాకు క్రొత్త కాదు. కాని కంప్యూటరును దూరమునుండి నడుపుటలో వేరొక చిక్కున్నది. ఆజ్ఞ నిచ్చువాడు ఇంటివాడో, దొంగయో యంత్రమున కెట్లు తెలియును?

1969లో అమెరికాలో ఆర్పానెట్ వెలసిన యేటనే, దూరప్రవేశమునకై టెల్నెట్ పద్ధతికి బీజము పడినది. నాడు ఆ వలలోని యంత్రములను వ్రేళ్ల మీద లెక్కింపవచ్చును, వాడువారు పరిశోధకులు. కావున రహస్యపదము సైతము పోస్టుకార్డు మీది వ్రాతవలె బట్టబయలుగా పోయెడిది. ఆ నమ్మకమును మేము తప్పుపట్టము. వాకిలి తెరచి నిదురించిన పల్లెలు మనకును ఉండెడివి. అయితే ఇంటర్నెట్ పెరిగినకొలది, త్రోవలో పొంచియుండి చదువువారును పెరిగిరి.

1995లో ఫిన్లండునందలి హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు వలలో రహస్యపదములు అట్లే అపహరింపబడినవి. అచ్చటి పరిశోధకుడు టాటు యూలోనెన్ చేతులు ముడుచుకొని కూర్చుండక, 'సెక్యూర్ షెల్' అను ప్రోగ్రామును వ్రాసి ఆ జూలైలోనే ఉచితముగా విడుదల చేసెను. ఇందులో తొలుత రెండు యంత్రముల నడుమ గూఢలిపి ఏర్పడును. రహస్యపదము ఆ ముసుగులోనే పోవును. దీనికొక ద్వారసంఖ్య కావలసివచ్చినది. టెల్నెట్‌ది 23, ఫైళ్లను పంపు ఎఫ్.టి.పి.ది 21, నడుమ 22 ఖాళీ. వ్రాసి అడుగగా మరునాడే అనుమతి వచ్చినది! దరఖాస్తుల గతి ఎరిగినవారికి ఇది పురాణగాథవలె తోచును. ఆ యేడు ముగియునప్పటికి 50 దేశములలో సుమారు 20,000 మంది దీనిని వాడుచుండిరి. 1999లో ఓపెన్ బి.ఎస్.డి. బృందము ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.ను వెలువరించినది, బలపరచిన రెండవ రూపము 2006లో ప్రమాణపత్రములకెక్కినది.

వందల రూటర్లను, స్విచ్చులను ఒక్కచోటనుండి కనిపెట్టు నెట్‌వర్కు నిర్వహణ యంత్రమున కీ తాళము మరింత అవసరము. దానిని వశపరచుకొన్నవానికి తక్కిన ద్వారములు దొరకినట్లే. టెల్నెట్‌ను మూసి, రెండవ రూపమునే అనుమతించి, సర్వాధికారపు ఖాతాతో నేరుగా ఎవరును ప్రవేశింపకుండ చేసి, నిర్వాహకుల చిరునామాలకే ద్వారము తెరువవలెను. రహస్యపదమునకు మారుగా జంట తాళపుచెవులను వాడుట మేలు: ఒకటి యంత్రమున నుండును, రెండవది నిర్వాహకుని చేయి దాటదు. క్రొత్త తాళపుచెవితో వేరొక కిటికీనుండి ప్రవేశించి చూచిన పిమ్మటనే పాతదారిని మూయవలెను. తొందరపడినచో ఇంటివాడే వీధిలో నిలుచును.

ఇక తొలి కలయికలో యంత్రము తన వేలిముద్రవంటి యొక గుర్తును చూపి, నమ్మెదవా యని అడుగును. యంత్రము కడనున్నవారి నడిగి దానిని సరిచూడవలెను. చూడకయే అవునని కొట్టువారే హెచ్చు. నడుమ దొంగయంత్రము నిలుచుటకు చాలినంత సందు అక్కడనే యున్నది.